కమతాలు ఇంత చిన్నవి, మరి ఇన్ని ట్రాక్టర్లు ఇక్కడే ఎలా తయారవుతున్నాయి?

మీరు అడిగింది రెండు ముక్కలుగా ఉందండి. సగటు రైతుకి మూడెకరాలు కూడా లేని దేశంలో ఏడాదికి 9 లక్షల ట్రాక్టర్లు ఎవరు కొంటున్నారు అనేది ఒకటి, ఇవన్నీ మనం సొంతంగా చేసినవేనా లేక బయటివాళ్ళ డిజైన్లకి మన బోర్డు తగిలించినవా అనేది రెండోది. నేను ట్రాక్టర్ల సర్వీసులో మొదలుపెట్టి తర్వాత విడిభాగాలు సప్లై చేసేవాళ్ళ క్వాలిటీ చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను, పొలం గట్టు మీదా ఫౌండ్రీ (ఇనుము కరిగించి పోత పోసే చోటు) లోపలా రెండు చోట్లా నిలబడి చూసినవాడిగా రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈ దేశంలో ట్రాక్టర్ పొలం సైజుని బట్టి అమ్ముడుపోలేదు, ఏడాదిలో ఎన్ని గంటలు తిరుగుతుంది అన్నదాన్ని బట్టి అమ్ముడుపోయింది. తయారీ ఎందుకు పెరిగింది, ఏ కంపెనీ నిలబడింది, ఏది మూతపడింది, ఏ హార్స్ పవర్ ఎక్కువ అమ్ముడవుతుంది, అన్నీ ఆ గంటల లెక్క దగ్గరికే వచ్చి ఆగుతాయి.

మొదట్నుంచీ చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ట్రాక్టర్ అంటే రైతు వస్తువు కాదు, సర్కారు వస్తువు. 1947లో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని పెట్టి, యుద్ధంలో మిగిలిపోయిన మిలిటరీ ట్రాక్టర్లూ బుల్డోజర్లూ తీసుకుని బీడు భూములు దున్నించడం మొదలుపెట్టారు. మధ్య భారతంలో లక్షల ఎకరాలు రెల్లు గడ్డి పట్టిపోయి ఉండేవి, రెల్లు వేరు సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, అంత లోతుకి పోయిన వేరుని ఎద్దుల నాగలితో తియ్యడం అయ్యే పని కాదు. ఆ పని కోసం 1949లో ప్రపంచ బ్యాంకు మనకి కోటి డాలర్ల అప్పు ఇచ్చింది, స్వతంత్ర భారతానికి ఆ బ్యాంకు నుంచి వచ్చిన మొట్టమొదటి అప్పుల్లో అదొకటి, అది కూడా వ్యవసాయ యంత్రాల కోసం. 1951లో దేశం మొత్తం మీద వాడకంలో ఉన్న ట్రాక్టర్లు 8,500 దాకా ఉండేవి, ఒక్కటి కూడా ఇక్కడ తయారైంది కాదు.

ఇక్కడ తయారవడం 1959లో మొదలైంది, ఫరీదాబాద్‌లో ఐషర్ వాళ్ళు జర్మనీ ఐషర్‌తో కలిసి మొదటి ట్రాక్టర్ బయటికి తెచ్చారు. ఆ తర్వాత నాలుగైదేళ్ళలో వరసగా వచ్చేశాయి. మద్రాసులో టాఫే వాళ్ళు మాసీ ఫెర్గూసన్‌తో కలిసారు, ఎస్కార్ట్స్ వాళ్ళు పోలండ్ ఉర్సుస్‌తో, వడోదరలో హిందూస్తాన్ ట్రాక్టర్ చెకొస్లొవాకియా జెటార్‌తో, 1963లో బొంబాయిలో మహీంద్రా, వోల్టాస్, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ముగ్గురూ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ అని పెట్టారు. ఆ బీ-275 బండి మా పెద్ద మెకానిక్కులు ఇప్పటికీ తలుచుకుంటారు, ఇంజన్ ఎన్నిసార్లు బోర్ చేసినా మళ్ళీ నిలబడేది. ఇన్ని పేర్లు చెప్పాను కానీ 1961-62లో దేశం మొత్తం మీద తయారైన ట్రాక్టర్లు 880. ఇప్పుడు ఒక పెద్ద ప్లాంటులో రెండు మూడు రోజుల పని అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అసలు "తయారీ" అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. కారుకైనా లారీకైనా ఒక ఫ్రేమో ఛాసిస్సో బాడీయో ఏదో ఒకటి ఉంటుంది, మిగతావన్నీ దానికి బిగిస్తారు. మామూలు వ్యవసాయ ట్రాక్టర్‌కి ఛాసిస్ ఉండదు. ముందు యాక్సిల్ సపోర్ట్, దాని వెనక ఇంజన్ బ్లాకు, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్స్ హౌసింగ్, వెనక యాక్సిల్ హౌసింగ్, ఇవన్నీ పోత ఇనుముతో పోసి ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండికి వెన్నెముక. నాగలి భూమిలో దిగి లాగేటప్పుడు ఆ బరువంతా, ఆ మెలికంతా ఈ పోతల మీదే పడుతుంది. మధ్యలో ఎక్కడ విడదీసినా బండి రెండు ముక్కలైపోతుంది, క్లచ్ ప్లేట్ మార్చాలంటే నిజంగానే ట్రాక్టర్‌ని రెండుగా విప్పి నిలబెడతారు, ఊళ్ళో షెడ్డులో ఎవరైనా చూసే ఉంటారు.

అంటే ట్రాక్టర్ చెయ్యాలంటే ముందు పెద్ద పోత పొయ్యడం రావాలి. వెనక యాక్సిల్ హౌసింగ్ లాంటిది పొయ్యడం చిన్న విషయం కాదు, ఇసుక అచ్చు లోపల కోర్లు (లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక ముద్దలు) పెట్టాలి, గోడ మందం ఒక చోట ఎక్కువ ఇంకో చోట తక్కువ ఉంటుంది, కరిగిన ఇనుము అన్ని మూలలకీ ఒకే తీరుగా చల్లారదు, ఎక్కడో లోపల సన్నటి బుడగ ఉండిపోతుంది. పైకి చూస్తే ఏమీ కనపడదు. మెషీనింగ్ అయిపోయి, బేరింగ్ సీటు కోసి, లీక్ టెస్ట్ పెట్టినప్పుడు బయటపడుతుంది, అప్పటికి దాని మీద డబ్బంతా పెట్టేసి ఉంటారు. ఇంకా ఘోరం ఏంటంటే టెస్టులో కూడా తప్పించుకుని పొలంలో బయటపడేది, దమ్ములో ఉండగా హౌసింగ్ చెమ్మగిల్లి ఆయిల్ కారడం మొదలవుతుంది. నేను సప్లయర్ దగ్గరికి వెళ్తే అన్నిటికంటే ముందు ఆఫీసు గదిలో కూర్చోకుండా ఇసుక తయారుచేసే చోటికి వెళ్ళేవాణ్ణి, ఇసుకలో తేమ ఎంత ఉందో, పాత ఇసుక ఎంత కలుపుతున్నారో చూస్తే ఆ వారం పోతలు ఎలా ఉంటాయో చాలావరకు తెలిసిపోతుంది.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, బయటి నుంచి విడి పార్టుల కిట్లు తెచ్చుకుని బిగించే దేశాలు చాలా ఉన్నాయి. కానీ పోతలు, గేర్లు, ఇంజన్, డీజిల్ పంపు ఈ నాలుగూ లోపలే చేసుకోగలిగిన దేశాలు తక్కువ. అరవైల్లో మన ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేటప్పుడు ఏటేటా దిగుమతి పార్టులు తగ్గించుకుంటూ రావాలని షరతు పెట్టేది, విదేశీ మారకం లేదు కదా, వేరే దారి లేదు. ఆ షరతుతో కంపెనీలు చాలా అవస్థ పడ్డాయి, నాణ్యత కూడా మొదట్లో దెబ్బతింది, అది ఒప్పుకోవాలి. కానీ దాని వల్లే ఫరీదాబాద్, లూధియానా, రాజ్‌కోట్, పుణె, కోయంబత్తూరు చుట్టూ పోతలు పోసేవాళ్ళు, గేర్లు కోసేవాళ్ళు, ఫోర్జింగ్ (ఎర్రగా కాల్చిన ఇనుముని కొట్టి ఆకారం తేవడం) చేసేవాళ్ళు వందల్లో పుట్టారు. డీజిల్ పంపులకి బెంగళూరు మైకో అప్పటికే ఉంది, ఇంజన్లకి మద్రాసు సింప్సన్ ఉంది, మాసీ బండ్లకి ఇంజన్ వాళ్ళదే. ఈ సప్లయర్లే అసలు ఆస్తి అంటాను నేను. కంపెనీ పేర్లు మారాయి, చేతులు మారాయి, ఈ సప్లయర్ల గుంపు మాత్రం అలాగే ఉండి, వచ్చిన ప్రతి కొత్త కంపెనీకీ పార్టులు ఇచ్చింది.

ఇక సొంత డిజైన్ సంగతి. స్వరాజ్ కథ తెలియకుండా మన ట్రాక్టర్ చరిత్ర తెలిసినట్టు కాదు. 1965 ప్రాంతంలో దుర్గాపూర్‌లోని సెంట్రల్ మెకానికల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, మన్ మోహన్ సూరి డైరెక్టరుగా ఉన్నప్పుడు, విదేశీ సాయం లేకుండా ఒక చిన్న ట్రాక్టర్ డిజైన్ మొదలుపెట్టారు. దాన్ని ఎవరు తయారు చెయ్యాలి అనే దగ్గర పెద్ద చర్చ నడిచింది, కేంద్రం తన సొంత కంపెనీ హెచ్ఎంటీకి జెటార్ డిజైన్ ఇచ్చి హర్యానాలోని పింజోర్‌లో 1971లో తయారీ మొదలుపెట్టించింది. మన డిజైన్ అటకెక్కాల్సిందే, కానీ పంజాబ్ ప్రభుత్వ పారిశ్రామిక అభివృద్ధి సంస్థ ముందుకొచ్చి తీసుకుంది. 1970లో పంజాబ్ ట్రాక్టర్స్ పెట్టారు, దుర్గాపూర్ నుంచి చంద్ర మోహన్ లాంటి ఇంజనీర్లు మొహాలీ వచ్చేశారు, 1974లో స్వరాజ్ 724 మార్కెట్లోకి వచ్చింది. 26.5 హార్స్ పవర్ బండి.

ఆ బండి గొప్పతనం టెక్నాలజీ కొత్తదని కాదండి. అప్పుడు ఇక్కడ ఏ మిషన్లు దొరుకుతాయో, ఏ పోత పొయ్యగలరో, ఊళ్ళో మెకానిక్ దగ్గర ఏ స్పానర్లు ఉంటాయో అవన్నీ దృష్టిలో పెట్టుకుని గీసిన డ్రాయింగ్ అది. బయటి నుంచి వచ్చిన డిజైన్‌లో ఒక పార్టు మార్చాలంటే ఆ దేశం నుంచి పర్మిషన్ కావాలి, ఎందుకలా పెట్టారో మనవాళ్ళకి తెలీదు. ఇక్కడ గీసినవాళ్ళే పక్క గదిలో ఉన్నారు, పొలం నుంచి కంప్లైంట్ వస్తే ఆరు నెలల్లో పార్టు మారేది. 735, 720 మోడళ్ళు వరసగా వచ్చాయి. 2007లో మహీంద్రా వాళ్ళు ఆ కంపెనీని కొనుక్కున్నప్పటికీ స్వరాజ్ పేరు వేరే బ్రాండ్‌గానే ఉంచారు, ఎందుకుంచారో ఏ పంజాబ్ రైతుని అడిగినా చెప్తాడు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి నా జవాబు: ఎక్కువ భాగం బయటి డిజైన్లతో మొదలయ్యాయి, నిజమే. కానీ ఇప్పుడు రోడ్డు మీద కనపడే బండ్లలో ఆ పాత డిజైన్లలోవి మిగిలినవి తక్కువ, మిగిలినవి కూడా ఇక్కడి భూములకి తగ్గట్టు మార్చి మార్చి మనవే అయిపోయాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను, కొన్నదెవరు అని.

అరవైల చివర పంజాబ్, హర్యానా, పడమటి యూపీలో కొత్త గోధుమ వంగడాలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, ఒక పంట కోసి రెండో పంట వెయ్యడానికి మధ్యలో ఉండే రోజులు బాగా తగ్గిపోయాయి. ఎద్దులతో ఆ టైములో దుక్కి అవ్వదు. డిమాండ్ ఒక్కసారిగా లేచింది, ఇక్కడి ఫ్యాక్టరీలు సరిపోక రష్యా నుంచి, తూర్పు యూరప్ నుంచి బండ్లు దించుకున్నారు, రాష్ట్రాల ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్లు పంచేవి, ధరల మీద కంట్రోలు ఉండేది, బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి వెయిట్ చేసినవాళ్ళున్నారు. 1969లో 14 బ్యాంకులు జాతీయం అయ్యాక ఊళ్ళకి బ్యాంకు వచ్చింది, అంతకుముందు భూమి తనఖా బ్యాంకులు మాత్రమే ఇలాంటి పెద్ద అప్పు ఇచ్చేవి. 1982లో వ్యవసాయ అప్పుల కోసం నాబార్డు వచ్చాక రీఫైనాన్స్, అంటే రైతుకి అప్పిచ్చిన బ్యాంకుకి వెనక నుంచి డబ్బు ఇవ్వడం, ఇంకా సులువైంది. మన దగ్గర ట్రాక్టర్లలో ఎక్కువ శాతం అప్పు మీద కొన్నవే, అందుకని బ్యాంకు ఎక్కడికి వెళ్తే ట్రాక్టర్ అక్కడికి వెళ్ళింది. 1971-72లో 18 వేల ప్రాంతంలో ఉన్న తయారీ పదేళ్ళలో 80 వేలు దాటింది, ఇంకో పదేళ్ళకి లక్షన్నర అయ్యింది.

అదే సమయంలో కమతం సైజు ఏమైంది? 1970-71 వ్యవసాయ గణనలో సగటు 2.28 హెక్టార్లు, 2015-16కి 1.08 హెక్టార్లు. భూమి ముక్కలవుతున్న కొద్దీ ట్రాక్టర్లు పెరిగాయి. పుస్తకాల లెక్క ప్రకారం ఇది జరగకూడదు. ఎందుకు జరిగిందో గంటల్లో చూడండి.

ఐదెకరాల రైతు ఉన్నాడనుకోండి, రెండు పంటలు. దుక్కి, దమ్ము, ధాన్యం తోలడం అన్నీ కలిపినా తన సొంత పొలం మీద బండి ఏడాదికి వంద గంటలు తిరగదు. ట్రాక్టర్ లాభంగా ఉండాలంటే ఏడాదికి వెయ్యి గంటలు తిరగాలని మామూలుగా లెక్క వేస్తారు. మరి మిగతా తొమ్మిది వందల గంటలు? ఊళ్ళో మిగతా వాళ్ళ పొలాలు. గంటకింత, ఎకరాకింత అని కిరాయికి దున్నుతాడు. సీజన్ అయిపోయాక వెనక ట్రక్కు తగిలించి ఇటుక, కంకర, మట్టి, ఎరువు, చెరుకు, పత్తి తోలతాడు. పీటీఓకి (ఇంజన్ పవర్‌ని బయటి మిషన్లకి ఇచ్చే వెనక షాఫ్ట్) నూర్పిడి మిషన్ తగిలిస్తాడు, నీళ్ళ ట్యాంకర్ తగిలిస్తాడు. ఎద్దులు మేపే ఖర్చు, పాలేరు దొరక్కపోవడం ఈ రెండూ కలిసి రెండెకరాల రైతు కూడా ఎద్దులు అమ్మేసి కిరాయి ట్రాక్టర్ మీద ఆధారపడ్డాడు. అంటే ట్రాక్టర్ కొన్నవాడు ఒకడు, వాడేవాళ్ళు ఇరవై ముప్పై మంది. యాప్‌లు, కస్టమ్ హైరింగ్ సెంటర్లు (యంత్రాలు కిరాయికిచ్చే కేంద్రాలు) అని ఈమధ్య కొత్తగా చెప్తున్నారు గానీ ఊళ్ళో ఇది ఎప్పట్నుంచో నోటిమాట మీద నడుస్తున్న వ్యాపారమే.

బండి సైజు కూడా ఇక్కడే తేలిపోయింది. తన పొలానికే అయితే 20 హార్స్ పవర్ చాలు. కానీ కిరాయికి తిప్పాలంటే మట్టిని గుల్ల చేసే రొటావేటర్ లాగాలి, లోడు ట్రక్కుతో గట్టు ఎక్కాలి. అందుకని 31 నుంచి 50 హార్స్ పవర్ మధ్య బండ్లే మార్కెట్లో సింహభాగం, అందులోనూ ఇప్పుడు 40 పైన ఉన్నవి ఎక్కువ. చిన్న రైతుకి చిన్న ట్రాక్టర్ అని మంచి మనసుతో చాలా కంపెనీలు 15, 20 హార్స్ పవర్ బండ్లు తెచ్చాయి, పండ్ల తోటల్లో, ద్రాక్షలో, పత్తిలో అంతర కృషికి బాగానే ఆడాయి గానీ పెద్ద మార్కెట్ అవ్వలేదు. చిన్న బండికి కిరాయి గిరాకీ ఉండదు, అప్పు కట్టాల్సింది ఆ కిరాయితోనే.

మన వైపు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ట్రాక్టర్ డిజైన్‌ని పంజాబ్ గోధుమ ఎంత మార్చిందో డెల్టా వరి అంతకంటే ఎక్కువ పరీక్ష పెట్టింది. పొడి దుక్కిలో బండికి శత్రువు దుమ్ము, ఎయిర్ క్లీనర్ బాగుంటే సగం సమస్య పోయినట్టే. దమ్ములో శత్రువు బురద నీళ్ళు. దమ్ము చక్రాలు బిగించి మోకాలి లోతు బురదలో దిగితే ముందు చక్రాల హబ్బులు పూర్తిగా మునిగిపోతాయి, వెనక యాక్సిల్ సగం మునుగుతుంది. హబ్బులో ఆయిల్ సీలు పెదవి దగ్గర సన్నటి ఇసుక రేణువు చేరితే చాలు, షాఫ్ట్ మీద గీత పడుతుంది, ఆ గీత లోంచి నీళ్ళు పోతాయి, గ్రీజు తెల్లగా వెన్నలా అయిపోతుంది. హబ్బు క్యాప్ విప్పి వేలితో తీస్తే ఆ తెల్లటి గ్రీజు కనపడిందంటే బేరింగ్ రోజులు దగ్గర పడ్డట్టే. పాత బండ్లకి డ్రై డిస్క్ బ్రేకులు ఉండేవి, వాటిలోకి నీళ్ళు పోతే బ్రేకు పట్టదు, బురద ఎండాక పట్టుకుపోతుంది. ఇవాళ చాలా బండ్లకి ఆయిల్లో మునిగి ఉండే బ్రేకులు వచ్చాయంటే దానికి వరి పొలాల కంప్లైంట్లు చాలా పెద్ద కారణం. రెండు మూడు పెదవుల సీళ్ళు, సీళ్ళ ముందు బురద ఆపే అదనపు కప్పులు, నాలుగు చక్రాల డ్రైవ్ బండికి మూసేసిన ముందు యాక్సిల్, ఇవన్నీ గోదావరి, కృష్ణా, కావేరి డెల్టాల్లో పాడైన బండ్లని విప్పి చూసి నేర్చుకున్న పాఠాలు. ఇంకో తేడా కూడా ఉంది, బురదలో బండి బరువెక్కువైతే దిగబడుతుంది, పొడి నేలలో బరువు తక్కువైతే చక్రం జారుతుంది. ఒకే బండి రెండు చోట్లా అమ్మాలి. అందుకే బండి తేలిగ్గా చేసి, కావాల్సినవాళ్ళకి బరువులు విడిగా తగిలించుకునే ఏర్పాటు పెట్టారు.

కొత్త మోడళ్ళని మధ్యప్రదేశ్‌లోని బుద్నీ ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టు చేస్తారు, 1955 నుంచి ఉంది అది. మన దగ్గర అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా దక్షిణ ప్రాంత ట్రైనింగ్, టెస్టింగ్ సెంటర్ ఉంది. ట్రాక్టర్ మీద సీరియస్‌గా ఆసక్తి ఉన్న కుర్రాళ్ళు ఎవరైనా ఉంటే అక్కడ ట్రైనింగ్ తీసుకోమని గట్టిగా చెప్తాను, ఆ టెస్టు రిపోర్టులు చదవడం వచ్చినా సరే, షోరూమ్ వాడు చెప్పే మాటకీ అసలు బండికీ తేడా తెలుస్తుంది. ముఖ్యంగా పీటీఓ దగ్గర ఎంత పవర్ వస్తుందో, హైడ్రాలిక్ నిజంగా ఎంత బరువు ఎత్తుతుందో చూడండి.

1991 తర్వాత ఫ్యాక్టరీ పెట్టడానికి ప్రభుత్వ లైసెన్సులు అక్కర్లేకుండా పోయాయి. సోనాలికా హోషియార్‌పూర్‌లో తొంభైల మధ్యలో మొదలై ఇవాళ మొదటి మూడు స్థానాల్లో ఉంది, న్యూ హాలండ్ గ్రేటర్ నోయిడాలో, జాన్ డీర్ ఎల్ అండ్ టీతో కలిసి పుణె దగ్గర వచ్చాయి. అందరూ ఒకేసారి కెపాసిటీ పెంచారు. 1999-2000లో అమ్మకాలు 2.7 లక్షల దాకా పోయాయి, మూడేళ్ళు తిరిగేసరికి 1.7 లక్షల దగ్గరికి పడిపోయాయి. కరువు కారణం అని అందరూ రాసారు. కరువు ఉంది, కాదనను. కానీ లోపల ఉన్నవాళ్ళకి ఇంకో కారణం తెలుసు. చాలా కంపెనీలు ఫ్యాక్టరీ గేటు దాటిన బండినే అమ్మకం కింద రాసుకునేవి, డీలర్ మీదకి నెలాఖరున స్టాకు తోసేసేవాళ్ళు, డీలర్ ఆ బండ్లు కదలక అప్పు మీద రైతుకి అంటగట్టేవాడు, తాహతు లేనివాడికి కూడా. యార్డుల్లో బండ్లు ఎండకి ఎండి టైర్లు పగిలాయి, బ్యాంకులకి కంతులు ఆగిపోయాయి, బ్యాంకులు కొత్త అప్పులు ఆపేశాయి, దాంతో నిజంగా కొనాల్సిన రైతుకి కూడా అప్పు దొరకలేదు. ఆ దెబ్బకి డీలర్ దగ్గర ఎన్ని రోజుల స్టాకు ఉందో లెక్క చూసుకుని ఫ్యాక్టరీ నడపడం పరిశ్రమ నేర్చుకుంది. 2014, 2015 వరస కరువుల్లో 6 లక్షల పైనుంచి 5 లక్షల లోపుకి పడ్డా ఆ స్థాయి విధ్వంసం జరగలేదు.

ఈలోపు పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. నాసిక్‌లో కిర్లోస్కర్, రష్యా సాయంతో వచ్చిన హర్ష, యూపీ ప్రతాప్‌గఢ్‌లో ఆటో ట్రాక్టర్స్, చివరికి 2016లో హెచ్ఎంటీ. హెచ్ఎంటీ బండి బలంగా ఉండదని ఏ రైతూ అనడు, నేనూ అనను. పోయినదల్లా స్పేర్ల దగ్గర. సీజన్లో బండి ఆగితే రోజుకి ఎన్ని కిరాయిలు పోతాయో మీరే లెక్కేసుకోండి, గంటల మీద బతికే బండికి వారం రోజులు స్పేర్ దొరకలేదంటే ఆ ఏడాది కంతు పోయినట్టే. అందుకని రైతు బండి కొనేముందు ఇంజన్ చూడడు, మండలంలో ఎవరి స్పేర్ల షాపు ఉంది, ఏ మెకానిక్‌కి ఏ బండి వచ్చు అనేది చూస్తాడు. ఒకసారి ఒక ఊళ్ళో ఒక బ్రాండ్ పాతుకుంటే అందరూ అదే కొంటారు, చాలా తెలివైన నిర్ణయం అది. కొన్ని కంపెనీలని మింగేసి మిగిలినవి పెద్దవయ్యాయి, ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి, స్వరాజ్ మహీంద్రా చేతికి, ఎస్కార్ట్స్ జపాన్ కుబోటా చేతికి వెళ్ళాయి. ఇప్పుడు అమ్ముడయ్యే బండ్లలో మహీంద్రా, స్వరాజ్ కలిపి నూటికి నలభై పైనే.

ఈమధ్య అంకెలు: 2020-21లో దేశంలో దాదాపు 9 లక్షలు, 2022-23లో 9.4 లక్షల దాకా అమ్ముడయ్యాయి, ఆ ఏడాది ఎగుమతులు కూడా కలిపితే 10 లక్షలు దాటింది. సంఖ్యలో చూస్తే ప్రపంచంలో ఇదే పెద్ద మార్కెట్. మన తెలంగాణలో జహీరాబాద్ మహీంద్రా ప్లాంటు 2013లో మొదలైంది, మిత్సుబిషితో కలిసి డిజైన్ చేసిన ఓజా చిన్న ట్రాక్టర్లు అక్కడే తయారై బయటి దేశాలకి పోతున్నాయి. చిన్న బండ్లు ఇక్కడ అంత ఆడలేదన్నాను కదా, అమెరికాలో ఇంటి చుట్టూ నాలుగెకరాలు ఉన్నవాళ్ళు అవే కొంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, టైర్లు, పార్టుల మీద 18 నుంచి 5కి దిగింది. బండి ధర తగ్గింది సరే, పాత బండి నడుపుకునేవాడికి టైర్ల మీద తగ్గడం నాకు అంతకంటే సంతోషం, వెనక టైర్ల జత అంటే చిన్న ఖర్చు కాదు.

ముందు ముందు ఏంటి అంటే నా ఆందోళన ఒకటుంది. 50 హార్స్ పవర్ పైన ఉన్న బండ్లకి 2023 జనవరి నుంచి ట్రెమ్ నాలుగో దశ పొగ నిబంధనలు వచ్చాయి, వాటిలో కామన్ రైల్ (డీజిల్‌ని కంప్యూటర్ కొలిచి వదిలే) ఇంజన్, సెన్సార్లు, కంప్యూటర్ అన్నీ ఉంటాయి. అందుకే గమనించండి, 49, 50 దగ్గర ఆగిపోయిన మోడళ్ళు ఎన్నున్నాయో. రేపు అవే నిబంధనలు కింద సైజులకి కూడా వస్తే మార్కెట్లో నూటికి తొంభై బండ్లు మారిపోవాలి. పొగ తగ్గాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఊళ్ళో మెకానిక్ నాజిల్ విప్పి, ఊది, చేత్తో టైమింగ్ పెట్టి గంటలో బండిని పొలంలోకి పంపేస్తున్నాడు కాబట్టే ఈ గంటల వ్యాపారం నడుస్తోంది. అతని చేతికి డయాగ్నొస్టిక్ పరికరం, దాన్ని చదివే ట్రైనింగ్ ముందు ఇవ్వాలి, కంపెనీలు సాఫ్ట్‌వేర్‌ని తమ వర్క్‌షాపులకే తాళం వేసి పెట్టుకోకూడదు. నిబంధన తేదీ ప్రకటించే రోజే ఈ మెకానిక్కుల ట్రైనింగ్ లెక్క కూడా ప్రకటించమని అడగాల్సింది మనమే, రైతు సంఘాలైనా, డీలర్ల సంఘాలైనా. మీరు ఏ జిల్లాలో ఉన్నారో, ఈ వివరాలు ప్రాజెక్టు కోసమా లేక బండి కొనడానికా అనేది చెప్తే దానికి తగ్గట్టు ఇంకా రాస్తాను.